ఆవిడ ఇటు తిరిగేలోగా

ఆ మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా పనికొచ్చిన దాఖలా లేదు. అందరికీ ఆయన కత్తెర మామయ్య. పెళ్లిళ్ల వీడియోలు, బడి వార్షికోత్సవాల వీడియోలు ఎడిట్ చేయడం ఆయన వృత్తి. రోజంతా సాగిన పెళ్లిని, అందులో ముప్పాతిక భాగం ఆవలింతలే అయినా, చుట్టాలెవరూ మధ్యలో లేచి వెళ్లకుండా చూసేలా కుదించి ఇచ్చేవాడు. "నా ముఖం అక్కడక్కడా తప్ప కనపడనేలేదు" అని ఒక పెళ్లికొడుకు మేనత్త గొడవకొస్తే, "మిగతా చోట్ల మీరు నోటినిండా తింటున్నారమ్మా, మీ మర్యాద కోసం తీసేశాను" అని చెప్పి, ఆవిడ చేతే థాంక్స్ చెప్పించుకుని పంపించిన ఘనుడు.

"ఆయన కత్తెర వీడియోల దగ్గరే ఆగితే బాగుండేది. నేను మాట్లాడుతుంటే కూడా సగంలో కోసేస్తాడు" అనేది వాళ్లావిడ. ఫోటో ఆల్బమ్‌ల లెక్కలు చూసుకుంటూ స్టూడియో ముందు గదిలో కూర్చునే ఆవిడ ఈ మాట నవ్వుతూనే అనేది. ఆయన కూడా నవ్వి ఊరుకునేవాడు, మాట చెవిన వేసుకునేవాడు కాదు.

వయసులో ఉన్నప్పుడు ఆయనకీ సినిమా పిచ్చి పట్టింది. పెద్ద ఊరికి పోయి ఒక ఎడిటింగు గదిలో చేరాడు. అక్కడ ఆయన చేతికి టీ గ్లాసులు వచ్చాయి గానీ మిషను రాలేదు. ఏళ్ల తరబడి ఓపిక పట్టి, అప్పు కెమెరాతో తను తీసుకున్న చిన్న సినిమాని ఒకరోజు ఆ గదిలోని పెద్దాయనకి చూపించాడు. ఆయన సగం చూశాడు. "అర్థమైందిలే" అని లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ సగంతోనే మన మామయ్య సినిమా జీవితం ముగిసింది. తిరిగొచ్చి స్టూడియో పెట్టుకున్నాడు. కానీ తను తీసినదాన్ని కడదాకా చూసి ఎలా ఉందో చెప్పే మనిషి ఒక్కడైనా దొరకలేదన్న బాధ ఆయన్ని వదల్లేదు. అందుకే జుట్టు నెరిశాక, స్టూడియో వెనక హాలులో గోడకి తనే తెల్ల రంగు వేసి, ప్లాస్టిక్ కుర్చీలు పరిచి, తాము తీసిన చిన్న సినిమాలు చూపించుకోమని కుర్రకారుకి తలుపులు తీశాడు.

నెలలో చివరి ఆదివారం సాయంత్రం అక్కడికి రకరకాల పిల్లలు వచ్చేవారు. కొరియరు పని చేసే కుర్రాడు, నర్సింగు చదివే అమ్మాయి, కాలేజీకి తప్ప అన్నిచోట్లకీ వెళ్లే గడ్డం కుర్రాడు. ఫోన్లతో తీసినవే అన్నీ. ఆన్‌లైన్‌లో పెడితే పది బొటనవేళ్లు పైకి లేస్తాయి గానీ ఎక్కడ తప్పు జరిగిందో ఎవడూ చెప్పడు కదా. ఇక్కడ చెప్పేవారు. ఈ నెల తన సినిమా చూపించినవాళ్లు వచ్చే నెల ఇంకొకళ్ల సినిమాకి లైటు పట్టుకోవాలి. మైకు వాడటం వచ్చినవాళ్లు రానివాళ్లకి నేర్పాలి. అన్నిటికంటే కచ్చితమైన రూలు ఇంకొకటుంది. ముందు వరుసలో ఎర్ర కుర్చీ ఒకటి ఉండేది. సినిమా తీసినవాళ్లు అందులో కూర్చుని, అందరూ మాట్లాడేదాకా నోరెత్తకూడదు. చివర్లో థాంక్స్ చెప్పి లేవాలి, అంతే.

"నా ఉద్దేశం ఏంటంటే అని మొదలెడతారు వెధవలు. నీ ఉద్దేశం తెర మీద ఉండాలి, నోట్లో కాదు" అనేవాడు మామయ్య. ఆ కుర్చీకి మౌనం కుర్చీ అని పేరు పడింది. ఎంత వాగుడుకాయైనా అందులో కూర్చుంటే బుద్ధిగా ఉండేవాడు. ఈ ఏర్పాటు చూసి ఆయన లోలోపల తెగ మురిసిపోయేవాడు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయిని మిగతావాళ్లు నిదానం అని పిలిచేవారు. ఫోన్ల షాపులో ఉద్యోగం. అందరూ పది షాట్లు తీసే టైములో ఆ పిల్ల ఒక్కటి తీసేది. కెమెరా పెట్టి అలా చూస్తూ నిలబడేది. మామయ్య ఎడిటింగు మిషను మీద ఖాళీ ఉన్నప్పుడల్లా కూర్చుని పని నేర్చుకుంది. మనసులో ఆయనకి ఆ పిల్లంటే మిగతావాళ్లకంటే ఒక పిసరు ఎక్కువ అభిమానం. మందలించడమూ ఆ పిసరు ఎక్కువే.

నిదానం వాళ్లమ్మ ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. కూతురు ఆవిడ మీద సినిమా తీస్తానంటే ముఖం కనపడకూడదని షరతు పెట్టింది. ఆవిడకి మొదట్నించీ ఫోటో అంటే పడదు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో ఎవరో ఒకరి భుజం వెనకే ఉంటుంది. సరేనని కూతురు ఆవిడ చేతులు తీసింది, వీపు తీసింది, మడతలు పెట్టిన బట్టల దొంతరలు తీసింది. ఇస్త్రీ బల్ల గోడకి ఆనించి ఉండటంతో, తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్లకి ఎలాగూ ఆవిడ వీపే కనిపిస్తుంది. సినిమా తయారయ్యాక ఆదివారం ముందు రోజు తెచ్చి మామయ్యకి ఇచ్చింది.

"చివరి షాటు కొంచెం పెద్దది మామయ్యా. చూడండి" అంది.

"చూస్తాలే" అన్నాడాయన.

చూడటానికి టైమేదీ? ఆ నెల సినిమాలు ఎక్కువయ్యాయి. ఒక్కొక్కటీ తోకలు పెంచుకుని వచ్చాయి. ఆఖరి బస్సు పోయేలోగా పిల్లలు ఇళ్లకి చేరాలి. ఆదివారం మధ్యాహ్నం ఆయన నిదానం సినిమా పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి భాగం ముచ్చటగా ఉంది. చివరి షాటు వచ్చింది. వీపు. ఆవిరి. షర్టు. మళ్లీ వీపు. ఆయన వేలు అలవాటుగా బటన్ మీదికి పోయింది. బొమ్మని పరిగెత్తించాడు. ఇస్త్రీ పెట్టె చీమలా అటూ ఇటూ పరిగెత్తింది, దొంతర పెరిగింది, వీపు అలాగే ఉంది. "అర్థమైందిలే" అనుకున్నాడు. అమ్మాయికి ఫోన్ చేశాడు. డ్యూటీలో ఉంది, ఎత్తలేదు. సరేనని షాటుని మొదట్లోనే తెంచేసి, వీపు మీద బొమ్మ ఆపి, ఇస్త్రీ పెట్టె చప్పుడుని మాత్రం చీకట్లో కాసేపు వినిపించాడు. నిజం చెప్పాలంటే పని బ్రహ్మాండంగా కుదిరింది. తన భుజం తనే తట్టుకున్నాడు.

సాయంత్రం ఆ పిల్ల షాపు నుంచి ఆయాసపడుతూ వచ్చేసరికి లైట్లు ఆర్పేస్తున్నారు. "టైము కోసం కొంచెం ట్రిమ్ చేశానమ్మా" అన్నాడు ఆమెని ఎర్ర కుర్చీ వైపు తోస్తూ. తలూపి కూర్చుంది.

సినిమా అయ్యాక హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే ముందు గడ్డం లేచాడు.

"ముఖం చూపిస్తారేమోనని చివరిదాకా ఎదురుచూశాను. చూపించలేదు. అసలు ఈ సినిమా గొప్పతనమే అది! చూపించి ఉంటే మామూలు అమ్మ సినిమా అయిపోయేది."

"అవును. ముఖం లేదు కాబట్టే అందరి అమ్మలాగా అనిపించింది" అంది నర్సింగు అమ్మాయి. ఇంకొకళ్లెవరో ఆ వీపే చాలన్నారు. మళ్లీ చప్పట్లు కొట్టారు. చివరి వరుసలో ఒకావిడ లేచి, కుర్చీ చప్పుడు కాకుండా పక్కకి జరిపి, తలుపు తీసుకుని వెళ్లిపోయింది. బస్సుకి టైమయిందేమో అనుకున్నాడు మామయ్య. మౌనం కుర్చీలో నిదానం రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, వెనక్కి చూడకుండా కూర్చుంది.

"చెప్పమ్మా" అన్నాడు చివర్లో.

"థాంక్స్" అంది.

ఎంత వినయం అనుకున్నాడు ఆ పెద్దమనిషి.

తర్వాతి నెల ఆ పిల్ల రాలేదు. లైటు పట్టుకోవాల్సిన వంతు ఉంటే స్నేహితురాలిని పంపింది. పనిలో ఉండి ఉంటుందిలే అనుకున్నాడు. అంతలో ఒక ఫోన్ వచ్చింది. ఏటా కుర్రకారు సినిమాలని పెద్ద హాలులో, పెద్ద తెర మీద వేసే సంస్థ వాళ్లు చేశారు. పేరున్న దర్శకులు వచ్చి చూస్తారు, నచ్చితే తమ దగ్గర పనిలో పెట్టుకుంటారు. "ఆ ముఖం చూపించని సినిమా గురించి విన్నాం, మంచి కాపీ పంపండి" అన్నారు. మామయ్య ఎగిరి గంతేసినంత పని చేసి నిదానానికి మెసేజ్ పెట్టాడు. "మీ ఇష్టం మామయ్యా" అని జవాబొచ్చింది. సంతోషం తట్టుకోలేక మాటలు రావడం లేదు కాబోలు అనుకున్నాడు.

పెద్ద తెర కదా అని ఆ పిల్ల ఇచ్చిన అసలు బొమ్మలన్నీ మళ్లీ బయటికి తీశాడు. చివరి షాటులో ఫ్యాను రొద ఎంతుందో విందామని దాన్ని ఆడిస్తూ వదిలేసి, టీ గ్లాసు కడగడానికి పక్కకి వెళ్లాడు. కుళాయి కట్టేసి ఇటు తిరిగేసరికి గదిలోంచి ఆడగొంతు వినిపించింది.

"సరే. ఇప్పుడు తియ్యి."

గబగబా వచ్చి చూశాడు. తెర మీద ఒక ముఖం ఆయన వైపే చూస్తోంది.

వెనక్కి జరిపి, ఈసారి పరిగెత్తించకుండా చూశాడు. ఆవిడ ఆఖరి షర్టు మడిచి దొంతర మీద పెట్టింది. ఇస్త్రీ పెట్టెని నిలబెట్టి స్విచ్చి ఆపింది. అయినా కదల్లేదు. గోడ వైపే నిలబడి అరచేతులు నడుముకి తుడుచుకుంది. మెడ మీద చెమట తుడుచుకుంది. చెంపల మీది జుట్టు చెవుల వెనక్కి దోపుకుంది. ఒకసారి సగం తిరిగి మళ్లీ బల్ల వైపు తిరిగిపోయింది. లేని మడతనేదో సర్దింది. ఆ తర్వాత పూర్తిగా ఇటు తిరిగింది. మామూలు ముఖం. కాస్త బెదురు, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చోబెట్టినట్టు. మెల్లగా నవ్వు మొదలైంది. సరే, ఇప్పుడు తియ్యి అంది. కెమెరా వెనక నుంచి కూతురు "అమ్మా" అని మాత్రం అనగలిగింది. బొమ్మ వణికి ఆగిపోయింది.

మామయ్యకి ఎదురుగా చేతులు కడుక్కోవడానికి లేచిపోతున్న ఆ పాత ఎడిటింగు గది పెద్దాయన కనిపించాడు. ఇన్నేళ్లూ ఎవర్ని తిట్టుకుంటూ బతికాడో ఆ మనిషి తనే అయ్యాడు. కాకపోతే ఆయన కనీసం సగమైనా మామూలుగా చూశాడు.

భార్య వచ్చి భుజం మీదుగా చూసింది.

"అరె, ఈవిడే కదూ ఆ రోజు చివరి వరుసలో కూర్చుంది? నేనే మంచినీళ్లిచ్చాను. ఎంత ముచ్చటగా తయారై వచ్చిందో. 'చివర్లో నేను కనిపిస్తానంటండీ' అని సిగ్గుపడుతూ చెప్పింది పాపం."

"నీకు తెలుసా? మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పబోయాను. 'తర్వాత, తర్వాత' అని సగంలో కోసేశావు."

ఆయనకి ఇప్పుడు నిజంగా అర్థమైంది. ముఖం చూపించకపోవడమే గొప్ప అని హాలంతా చప్పట్లు కొడుతుంటే, ఆ ముఖం చివరి వరుసలో కూర్చుని వింది. కూతురు ముందు వరుసలో కూర్చుని వింది. లేచి ఒక్క మాట చెప్పడానికి లేకుండా ఆ పిల్ల నోటికి తాళం వేసింది తను పెట్టిన రూలే.

మర్నాడు లాండ్రీకి బయల్దేరాడు. ఊరికే వెళ్లడానికి ముఖం చెల్లక, బీరువాలో ఇస్త్రీ చేసి ఉన్న షర్టులు తీసి, చేత్తో బాగా నలిపి సంచిలో కుక్కుకున్నాడు. భార్య చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"రండి సార్" అంది ఆవిడ గుర్తుపట్టి. షర్టులు తీసుకుని మళ్లీ బల్ల వైపు తిరిగిపోయింది. "సినిమా బాగుందండీ. అందరూ మెచ్చుకున్నారు."

"ఆ... అదే..."

"ముఖం లేకపోతేనే బాగుందన్నారుగా. మా అమ్మాయికి తెలుసు ఏది ఉంచాలో, ఏది తియ్యాలో. నాదేముందిలెండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. ఆ వీపు వైపు చూసేసరికి అక్కడే ఆగిపోయింది.

"షర్టులు ఎప్పుడిస్తారు?" అన్నాడు.

"రేపు రండి."

ఇంటికొచ్చి తనని తాను తిట్టుకున్నాడు. ఇంతమంది పిల్లలకి నిర్మొహమాటంగా మాట్లాడమని నేర్పే మనిషి, షర్టుల గురించి అడిగి వచ్చాడు.

రేపొచ్చింది. వెళ్లాడు. ఈసారి గుమ్మంలోంచే చెప్పేశాడు.

"అమ్మా, ఆ ముక్క మీ అమ్మాయి తియ్యలేదు. నేను తీసేశాను. చూడకుండా తీసేశాను."

ఇస్త్రీ పెట్టె ఆగింది. "చూడకుండా అంటే?"

"గబగబా జరిపేసి చూశాను. చివరిదాకా వీపే కదా అనుకున్నాను. మీరు ఇటు తిరుగుతారని..."

ఆవిడ గుడ్డ కాలుతుందేమోనన్న ధ్యాస వచ్చి పెట్టెని పైకెత్తింది.

"మరి అదేం చెప్పలేదే! ఇంటికెళ్లాక అడిగాను. నా ముఖం అంత బాలేదా, నీ స్నేహితుల ముందు నామోషీ అయిందా అని అడిగాను. తల దించుకుంది. ఆ రోజు నుంచీ నేను దాంతో సరిగ్గా మాట్లాడటం లేదు."

"మా దగ్గర ఒక రూలుందమ్మా. సినిమా తీసినవాళ్లు మాట్లాడకూడదు."

"ఇంట్లో కూడానా సార్?"

"ఈ ఆదివారం మొత్తం సినిమా వేస్తాం. మీరు రావాలి" అన్నాడు చివరికి.

"ఒకసారి వచ్చాను కదండీ" అని ఆవిడ బల్ల వైపు తిరిగింది.

ఆ సాయంత్రం నిదానం షాపు మూసే వేళకి వెళ్లి బయట నిలబడ్డాడు. అంతా చెప్పాడు. అమ్మకి నిజం ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాడు.

"చెప్తే అమ్మ ఇంక నన్ను మీ దగ్గరికి రానివ్వదు మామయ్యా. నేను తీసింది పదిమందికి చూపించుకోడానికి నాకున్నది ఆ గోడ ఒక్కటే కదా" అంది ఆ పిల్ల. తిట్టి ఉన్నా అంత దెబ్బ తగిలేది కాదు.

అక్కడికక్కడే పెద్ద హాలు వాళ్లకి ఫోన్ చేశాడు. పూర్తి సినిమా పంపుతామన్నాడు. నిడివి కుదరదు, చిన్నదైతేనే వేస్తామన్నారు అవతల. పైగా ముఖం చూపించని సినిమా అని ఇప్పటికే అందరికీ చెప్పేశారట. ఆయన బతిమాలబోయాడు. నిదానం చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"వద్దులెండి సార్, మేం పంపడం లేదు" అని వాళ్లకి చెప్పి ఫోన్ తిరిగి ఇచ్చింది.

"ఎంత మంచి అవకాశమమ్మా! మళ్లీ రాదేమో. నేను ఇంకోలా మాట్లాడి..."

"మీరు మాట్లాడొద్దు మామయ్యా." గొంతు పెంచలేదు. బ్యాగు భుజాన వేసుకుని బస్సు కోసం నడిచింది.

ఆదివారం వచ్చింది. నిదానం ముందుగానే వచ్చి, సినిమా ఉన్న కార్డుని ఆయన చేతికివ్వకుండా తనే మిషనులో పెట్టుకుంది. ఆయన చాపిన చేతిని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. భార్య గుమ్మం దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. లాండ్రీ ఆవిడ జాడ లేదు. కాసేపు ఆగారు. ఇంకాసేపు ఆగారు. పిల్లలు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు.

మామయ్య లేచి గోడ ముందు నిలబడ్డాడు. "మీరంతా చప్పట్లు కొట్టిన సినిమా ఈ అమ్మాయిది కాదు. నేను ఖూనీ చేసింది. చివరి షాటు పూర్తిగా చూడకుండా, అడక్కుండా కోసేశాను. ఆ తప్పుకి ఈ పిల్ల ఇంట్లో మాట పడింది. ఇవాళ మౌనం కుర్చీలో నేను కూర్చుంటాను" అని వెళ్లి కూర్చున్నాడు. నవ్వొచ్చే విషయమే గానీ ఎవరూ నవ్వలేదు. లైట్లు ఆర్పారు.

చివరి షాటు వచ్చింది. వీపు, ఆవిరి, షర్టు. వెనక ఎవరో కదిలారు. ఎవరో దగ్గారు. ఒక ఫోన్ వెలుగు వచ్చి ఆరింది. మామయ్య వేళ్లు లేని బటన్ కోసం తడుముకున్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ పెట్టె ఎంత నెమ్మదిగా పోతుందో, కాలర్ దగ్గర ఎలా ఆగి తిరుగుతుందో అప్పుడు చూశాడు. ఆవిడ సగం తిరిగి మళ్లీ గోడ వైపు తిరిగిపోయినప్పుడు ముందుకి వంగాడు. ముఖం వచ్చింది. సరే, ఇప్పుడు తియ్యి అంది. గోడ చీకటయింది.

లైట్లు వేశాక చప్పట్లు పెద్దగా పడలేదు. కాసేపటికి గడ్డం లేచాడు.

"ముఖం బాగుంది. నేను పోయినసారి అన్నది తప్పే. కానీ ఆ షాటు మాత్రం మరీ పొడుగైపోయింది. కాస్త ముందే తిప్పేసి ఉంటే బాగుండేది."

అందరూ నిదానం వైపు చూశారు. ఆ పిల్ల ఈసారి మాట్లాడొచ్చు. అయినా మాట్లాడలేదు. జవాబు చెప్పాలని మామయ్యకి గొంతు దాకా ఉంది, కూర్చున్నది మౌనం కుర్చీలో.

చివరి వరుసలోంచి ఒక గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చిందో, చీకట్లో వచ్చి కూర్చున్నట్టుంది.

"నేను తిరగడానికి అంతసేపు పట్టింది బాబూ."

కుర్చీలన్నీ కిర్రుమంటూ వెనక్కి తిరిగాయి. నిదానం అప్పటికే లేచి అటు పరిగెత్తింది. మామయ్య ఒక్కడే వెనక్కి తిరగలేక, తెల్లటి ఖాళీ గోడ వైపు చూస్తూ కూర్చుండిపోయాడు.